బొమ్మల కథలకు కాలికో బైండు

1976లో అమెరికాలో ఒక కామిక్ పుస్తకం ధర ముప్పై సెంట్లు. నాసిరకం న్యూస్‌ప్రింట్ మీద అచ్చు, మధ్యలో రెండు పిన్నులు, నెల తిరిగితే అంగట్లోంచి మాయమయ్యే సరుకు. ఆ ఏడాదే వాషింగ్టన్‌ను ఆనుకుని ఉన్న మేరీలాండ్ రాష్ట్రంలో, కాలేజ్ పార్క్ అనే యూనివర్సిటీ ఊళ్లో, గ్యారీ గ్రోత్, మైఖేల్ క్యాట్రన్ అనే ఇద్దరు కుర్రాళ్లు ఒక చిన్న ప్రకటనల పత్రికను చేతిలోకి తీసుకున్నారు. పాత కామిక్స్ కొనేవాళ్లూ అమ్మేవాళ్లూ ప్రకటనలు వేసుకునే ఆ పత్రిక పేరు ‘ది నోస్టాల్జియా జర్నల్’. కొద్ది నెలల్లోనే దాన్ని ‘ది కామిక్స్ జర్నల్’గా మార్చారు. దాన్ని నడపడానికి పెట్టిన ఫాంటాగ్రాఫిక్స్ సంస్థకు ఈ 2026లో యాభై ఏళ్లు.

బొమ్మల కథలంటే ప్రాణం పెట్టే తెలుగు పాఠకుడిగా ఈ స్వర్ణోత్సవానికి చప్పట్లు కొట్టాలని ఉంది. ఊరికే కాదు, కారణాలు చెప్పి మరీ కొట్టాలని ఉంది. ఎందుకంటే కారణం చెప్పకుండా మెచ్చుకోవడం ఈ సంస్థకు మొదటి నుంచీ గిట్టదు.

వాళ్ల పుట్టుకే విమర్శతో. ముందు విమర్శ పత్రిక వచ్చింది, ప్రచురణ సంస్థ దాని వెనక పెరిగింది. మామూలుగా జరిగేది దీనికి తలకిందులు: పుస్తకాలు వేసేవాడు తన పుస్తకాల గొప్ప చెప్పుకోవడానికి ఒక పత్రిక పెట్టుకుంటాడు. గ్రోత్ బృందం ఏళ్ల తరబడి ఇతరుల కామిక్స్‌ను మొహమాటం లేకుండా తూచింది. ఇది పిల్లలకు జోల కాదు, సాహిత్యం స్థాయికి ఎదగగల కళ, ఆ స్థాయికి మీరెందుకు ఎదగరు అని పెద్ద కంపెనీలను నెలనెలా నిలదీసింది. ఆ రాతల్లో పరుషం పాలు ఎక్కువే. పరువునష్టం దావాలు కూడా పడ్డాయి. అయినా ఆ దురుసుతనం వెనక ఉన్నది ప్రేమే అని ఇన్నేళ్ల తర్వాత వెనక్కి చూస్తే స్పష్టంగా కనబడుతుంది. తక్కువతో సరిపెట్టుకోని ప్రేమ అది.

వాళ్ల పోరాటాల్లో నాకు అన్నిటికంటే పెద్దదిగా కనిపించేది జాక్ కిర్బీ కోసం చేసింది. కెప్టెన్ అమెరికా, ఫెంటాస్టిక్ ఫోర్, హల్క్, థోర్, ఎక్స్‌మెన్... ఇవాళ ప్రపంచమంతా వెండితెర మీద చూస్తున్న ఈ వీరుల పుట్టుకలో కిర్బీ చెయ్యి ఉంది. ఆ రోజుల్లో బొమ్మ గీసినవాడికి పేజీకి ఇంత అని కూలి ముట్టేది. చెక్కు వెనక ఒక ముద్ర ఉండేది. దాని కింద సంతకం పెట్టి డబ్బు తీసుకుంటే హక్కులన్నీ కంపెనీకి రాసిచ్చినట్టే. 1980ల్లో మార్వెల్ సంస్థ పాత చిత్రకారులకు వాళ్ల అసలు బొమ్మలు తిరిగి ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు, మిగతావాళ్లకు ఒక పేజీ పత్రం పంపి, కిర్బీకి మాత్రం నాలుగు పేజీల షరతుల పత్రం పంపింది. వేల పేజీలు గీసిన ఆ మనిషికి ఇస్తానన్నవి 88 పేజీలు. కామిక్స్ జర్నల్ ఈ సంగతిని బయటపెట్టి, చిత్రకారులతో రచయితలతో సంతకాలు పెట్టించి, సంచికల తరబడి వదలకుండా రాసింది. 1987లో సుమారు రెండు వేల పేజీలు కిర్బీ ఇంటికి చేరాయి. మొత్తంతో పోలిస్తే అది కొంత భాగమే. కానీ గీసిన చేతికి గీత మీద హక్కుంటుందన్న మాట ఆ తర్వాత గట్టిగా వినబడింది.

ఆ మాటను వాళ్లు తమ సొంత ప్రచురణల్లో ముందే ఆచరణలో పెట్టారు. 1981లో కాలిఫోర్నియాలోని ఆక్స్‌నార్డ్ అనే ఊరి నుంచి జర్నల్ ఆఫీసుకు సమీక్ష కోసం ఒక పుస్తకం వచ్చింది. గిల్బర్ట్, హైమే, మారియో హెర్నాండెజ్ అనే ముగ్గురు అన్నదమ్ములు సొంత డబ్బుతో అచ్చు వేసుకున్న ‘లవ్ అండ్ రాకెట్స్’ అది. మెక్సికన్ మూలాలున్న కుటుంబం. సమీక్ష మాట అలా ఉంచి, మీ పుస్తకం మేమే వేస్తాం అన్నాడు గ్రోత్. 1982లో మొదటి సంచిక వచ్చింది. హక్కులు గీసినవాళ్లవే, కథ ఎటు నడవాలో వాళ్ల ఇష్టమే.

ఆ అన్నదమ్ములు ఆ స్వేచ్ఛతో చేసిన పని కామిక్స్ చరిత్రలో మరొకటి లేదని నా నమ్మకం. హైమే గీసిన మ్యాగీ, హోపీ అనే ఇద్దరు అమ్మాయిలు మొదటి సంచికల్లో పంక్ సంగీతం పిచ్చిలో ఊరంతా తిరిగే కుర్రపిల్లలు. ఏళ్లు గడిచాయి, వాళ్లకూ వయసు వచ్చింది. ఒళ్లు వచ్చింది, ఉద్యోగాలు పోయాయి, స్నేహాలు తెగి మళ్లీ అతుక్కున్నాయి. ఇవాళ వాళ్లు నడివయసు దాటుతున్న స్త్రీలు. సూపర్‌మ్యాన్‌కు 1938 నుంచి ఒకటే వయసు. మ్యాగీ మాత్రం పాఠకుడితో పాటు ముసలిదవుతోంది. ఆ నలుపు తెలుపు బొమ్మల్లో హైమే ఒక్క గీత ఎక్కువ గియ్యడు. మ్యాగీ భుజం కాస్త వాలిన తీరు చూస్తే చాలు, పదేళ్ల కిందటి కథ ఒకటి చదువరికి దానంతటదే గుర్తుకొస్తుంది. గిల్బర్ట్ దారి వేరు. సరిహద్దుకు దక్షిణాన ఎక్కడో పాలోమార్ అనే కల్పిత పల్లెను కట్టి, లూబా అనే స్త్రీ చుట్టూ తరాల కథ అల్లాడు. ఊరి పంచాయితీలు, ప్రేమలు, చావులు, ఊరొదిలి పోయినవాళ్ల బెంగ, అన్నీ అందులో ఉన్నాయి. పల్లె కథలు చదివి పెరిగిన తెలుగువాడికి పాలోమార్‌లో దారి తప్పడం కష్టం. నాలుగు దశాబ్దాలు దాటినా ‘లవ్ అండ్ రాకెట్స్’ ఇంకా అదే అన్నదమ్ముల చేతుల మీదుగా, అదే సంస్థ నుంచి వస్తోంది. ఇలాంటి బంధం పుస్తకాల లోకంలో ఎక్కడైనా అరుదే.

అంతకు ముందే, 1977లో, గ్రోత్, క్యాట్రన్‌లకు మూడో మనిషి తోడయ్యాడు. కిమ్ థాంప్సన్ డెన్మార్క్‌లో పుట్టి, యూరప్‌లో పెరిగి, కామిక్స్ మోజుతో అమెరికా వచ్చినవాడు. ఫ్రెంచి మొదలుకొని అనేక యూరప్ భాషలు తెలుసు. గ్రోత్ గొంతు పెద్దది. థాంప్సన్ పని పెద్దది. మొదటి ప్రపంచ యుద్ధపు కందకాల్లో నలిగిపోయిన సిపాయిల గురించి జాక్ తార్దీ గీసిన పుస్తకం, నార్వే చిత్రకారుడు జేసన్ మాటల పొదుపు కథలు, ఇలా ఎన్నో ఇంగ్లీషులోకి రావడం వెనక అతని కలమే ఉంది. అనువాదకుడి పేరు అట్టమీద ఉండాలా వద్దా అని ఇప్పటికీ తర్జనభర్జన పడే మన ప్రచురణకర్తలు అతని జీవితాన్ని ఒకసారి చూడాలి. సంస్థ సగం అతనిదే, అయినా రాత్రిళ్లు కూర్చుని అనువాదం తనే చేసేవాడు.

సంస్థ కనెటికట్‌కు, అక్కడి నుంచి కాలిఫోర్నియాకు, చివరికి 1989లో సియాటిల్‌కు చేరింది. అక్కడ లేక్ సిటీ వే మీద ఒక పాత ఇల్లే ఏళ్ల తరబడి వాళ్ల ఆఫీసు. 1990ల దశాబ్దమంతా ఆ ఇంట్లోంచి వచ్చినవి చూస్తే కళ్లు తిరుగుతాయి. డేనియల్ క్లౌస్ ‘ఎయిట్‌బాల్’లో ధారావాహికగా వచ్చిన ‘గోస్ట్ వరల్డ్’ 1997లో పుస్తకమై, 2001లో సినిమా అయి, స్క్రీన్‌ప్లేకు ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లింది. పీటర్ బ్యాగ్ ‘హేట్’ సియాటిల్ కుర్రకారు చిరాకునంతా బొమ్మ కట్టింది. క్రిస్ వేర్ ‘ఆక్మీ నావెల్టీ లైబ్రరీ’ 1993లో మొదలై ఒక్కో సంచికకు ఒక్కో సైజు మార్చుకుంటూ దుకాణదారుల అరలను అతలాకుతలం చేసింది. ఇక జో సాకో.

సాకో మాల్టా దేశంలో పుట్టినవాడు, చదువుకున్నది పాత్రికేయం. కామిక్స్ జర్నల్‌లో కొన్నాళ్లు పనిచేశాడు. 1991 చివర్లో పాలస్తీనా వెళ్లి రెండు నెలలు జనం ఇళ్లలో టీ తాగుతూ, వాళ్లు చెప్పింది రాసుకుంటూ తిరిగాడు. తిరిగొచ్చి గీసిన ‘పాలస్తీన్’ 1993 నుంచి 1995 వరకు తొమ్మిది సంచికలుగా వచ్చింది. అమ్మకాలు దారుణం. సంస్థ మాత్రం ఆపలేదు. తొమ్మిదో సంచిక దాకా వేసి, ఆ తర్వాత పుస్తకంగానూ తెచ్చింది. 1996లో దానికి అమెరికన్ బుక్ అవార్డు వచ్చింది. 2001లో విమర్శకుడు ఎడ్వర్డ్ సయీద్ ముందుమాటతో ఒకే సంపుటిగా వచ్చింది. బొమ్మలతో వార్త రాయవచ్చని, అది వార్తాపత్రిక వదిలేసిన వివరాల్ని పట్టుకోగలదని ప్రపంచానికి చూపించిన పుస్తకం అది. మూడు దశాబ్దాల తర్వాత గాజాలో యుద్ధం మొదలైనప్పుడు పాఠకులు మళ్లీ ఆ పుస్తకం కోసమే వెతికారు, సంస్థ మళ్లీ అచ్చు వేసింది. 2024లో సాకో ‘వార్ ఆన్ గాజా’ కూడా ఇక్కడి నుంచే వచ్చింది. అతను మన దేశానికీ వచ్చాడు. ఉత్తరప్రదేశ్‌లో కుశీనగర్ జిల్లా దళితుల ఆకలి గురించి, 2013 ముజఫర్‌నగర్ అల్లర్ల గురించి గీశాడు. అవి వేరే సంస్థ వేసిన పుస్తకాలే. కానీ ఆ పద్ధతి మొలకెత్తిన మడి మాత్రం నష్టాన్ని లెక్క చేయకుండా తొమ్మిది సంచికలు వేసిన ఈ సంస్థే.

ఇంత మంచి పుస్తకాలు వేస్తే డబ్బు ఎక్కడిది? చాలాసార్లు లేదు. 1990లో పెద్దలకు మాత్రమే అనే బాపతు కామిక్స్ కోసం విడిగా ఒక శాఖ పెట్టి, ఆ రాబడితో సాహిత్యపు కామిక్స్‌ను బతికించుకున్నారు. ఈ సంగతి వాళ్లు ఎప్పుడూ దాచలేదు. 2003లో అప్పులు పీకల మీదికి వచ్చాయి. అప్పుడు చందా అడగలేదు. మా పుస్తకాలు కొనండి, ఇప్పుడే కొనండి అని పాఠకులకు ఒక విజ్ఞప్తి చేశారు. ఆర్డర్లు వెల్లువెత్తాయి. ఎవరికి ఏది కావాలో అది కొనుక్కున్నారు. సంస్థ నిలిచింది.

సంస్థను నిలబెట్టిన రెండో చెయ్యి ‘పీనట్స్’ కుర్రాడు చార్లీ బ్రౌన్‌ది. చార్లెస్ షుల్జ్ 1950 అక్టోబరు 2న ఏడు పత్రికల్లో మొదలుపెట్టిన ‘పీనట్స్’ 2000 ఫిబ్రవరి 13న చివరిసారిగా వచ్చింది. ముందు రోజు రాత్రే ఆయన కన్నుమూశాడు. యాభై ఏళ్లలో 17,897 స్ట్రిప్పులు, అన్నీ ఒక్క చేత్తో. ప్రపంచంలో అంతమందికి తెలిసిన ఆ పని మొత్తం వరసగా, ఒక్కటీ వదలకుండా, అంతకు ముందు ఎవరూ పుస్తకంగా వెయ్యలేదు. ఏరి కూర్చిన సంకలనాలే ఉన్నాయి. షుల్జ్ బతికుండగానే గ్రోత్ అడిగాడు. ఆయన పోయాక ఆయన భార్య జీన్ షుల్జ్ ఒప్పుకుంది. 2004లో మొదటి సంపుటి వచ్చింది. ఒక్కో సంపుటిలో రెండేళ్ల స్ట్రిప్పులు, ఏడాదికి రెండు సంపుటాలు. కెనడా చిత్రకారుడు సెత్ వాటిని తీర్చిదిద్దాడు. తొలినాళ్ల స్ట్రిప్పుల్లో ఎన్నో ఏ సంకలనంలోనూ లేవు. వాటిని వెతికి తెచ్చి బాగుచేయడమే ఒక పెద్ద పని. పన్నెండేళ్లు ఆ లయ తప్పలేదు. 2016లో ఇరవై ఆరో సంపుటితో పూర్తయింది. చివరి ఏడాది స్ట్రిప్పులున్న సంపుటికి ముందుమాట రాసింది బరాక్ ఒబామా.

నన్ను అడిగితే ఈ సంస్థ చేసిన అసలైన పని ఇదే అంటాను: పేపరు మడతల్లో పుట్టి పేపరుతో పాటే పోవలసిన బొమ్మల కథకు రచనాసర్వస్వం అనే గౌరవం ఇవ్వడం. మనం గురజాడకు, శ్రీశ్రీకి ఇచ్చుకున్న ఆ మర్యాదను వీళ్లు చార్లీ బ్రౌన్ కుక్కపిల్ల స్నూపీకి ఇచ్చారు. పొపాయ్‌కి, ‘క్రేజీ క్యాట్’కు, ‘ప్రిన్స్ వేలియంట్’కు, బాతుల కథలు గీసిన కార్ల్ బార్క్స్‌కు కూడా ఇచ్చారు. కాలికో బైండు, తేదీలు, సూచికలు, మంచి కాగితం, చదవదగ్గ ముందుమాట. ఈ పని చూస్తున్నప్పుడు మన సంగతి గుర్తుకు రాక మానదు. కృష్ణశాస్త్రి కుమారుడు బుజ్జాయి ‘డుంబు’ బొమ్మల కథలు గీశాడు. ఇంగ్లీషు వారపత్రికలో ‘పంచతంత్ర’ను ఏళ్లతరబడి బొమ్మల వరసగా నడిపాడు. చందమామలో చిత్రా, శంకర్, వడ్డాది పాపయ్య వేసిన బొమ్మలకు లెక్క లేదు. మన వారపత్రికలు పాతబడితే కిరాణా కొట్టులో పొట్లాలు అయ్యాయి. మిగిలినవి అభిమానుల ఇళ్లలో, వాళ్లు స్కాన్ చేసి పెట్టుకున్న ఫైళ్లలో ఉన్నాయి. వరసగా, తేదీలతో, ఒక్కటీ వదలకుండా వేసే పనికి ఎవరు పూనుకున్నా, సియాటిల్ వాళ్లు ఎలా చేశారో చూసి మొదలుపెట్టవచ్చు.

2013 జూన్‌లో కిమ్ థాంప్సన్ ఊపిరితిత్తుల కేన్సర్‌తో పోయాడు. అతని వయసు 56. అతను అనువాదం చేస్తున్న, సంపాదకత్వం వహిస్తున్న పుస్తకాలు ఆగిపోయాయి, వాటి రాబడీ ఆగిపోయింది. రాబోయే సీజన్‌లో వెయ్యవలసిన 39 పుస్తకాల కోసం లక్షన్నర డాలర్లు కావాలని సంస్థ, జనం నుంచి నిధులు పోగుచేసే కిక్‌స్టార్టర్ వెబ్‌సైట్‌లో పాఠకుల ముందుకు వచ్చింది. రెండు లక్షల ఇరవై వేలు దాటి వచ్చాయి. పదేళ్ల వ్యవధిలో రెండుసార్లు పాఠకులే ఒక ప్రచురణ సంస్థను భుజాన మోశారంటే, ఆ పాఠకులకూ ఈ స్వర్ణోత్సవంలో సగం దండ వెయ్యాలి.

ఆ నమ్మకానికి బదులుగా ఏమి దొరికిందో చెప్పడానికి ఎమిల్ ఫెరిస్ ఒక్కరు చాలు. షికాగోకు చెందిన ఈమె నలభయ్యో ఏట దోమకాటుతో వచ్చిన వెస్ట్ నైల్ వైరస్ వల్ల పక్షవాతం పాలైంది. గీసే చెయ్యి పట్టు తప్పింది. చేతికి పెన్ను టేపుతో అంటించుకుని మళ్లీ గీయడం నేర్చుకుంది, కళాశాలలో చేరింది, ఏళ్లపాటు ఒక పుస్తకం గీసింది. రూళ్ల నోట్‌బుక్కు మీద బాల్ పెన్నుతో గీసినట్టుగా ప్రతి పేజీ. 1960ల చివరి షికాగోలో, తనను తాను తోడేలు పిల్లగా ఊహించుకునే కేరెన్ అనే పదేళ్ల పాప, పై అంతస్తులో చనిపోయిన అంకా అనే పొరుగింటావిడ మరణం వెనక రహస్యాన్ని వెతుకుతుంది. ఆ వెతుకులాట నాజీల జర్మనీ దాకా పోతుంది. ‘మై ఫేవరెట్ థింగ్ ఈజ్ మాన్‌స్టర్స్’ను నలభై ఎనిమిది మంది ప్రచురణకర్తలు తిప్పి పంపారు. ఫాంటాగ్రాఫిక్స్ వేస్తానంది. అచ్చయిన ప్రతులతో వస్తున్న ఓడ, దాని కంపెనీ దివాలా తీయడంతో పనామా కాలువ దగ్గర ఆగిపోయింది. నెలలు ఆలస్యమై 2017 ఫిబ్రవరిలో పుస్తకం బయటికొచ్చింది. మరుసటి ఏడాది, కామిక్స్‌కు ఇచ్చే ఐస్నర్ అవార్డులు మూడు గెలిచింది. రెండో భాగానికి ఏడేళ్లు పట్టింది. సంస్థ ఏడేళ్లూ ఆగింది. 2024లో అదీ వచ్చింది.

గీసేవాడి తొందర, పాఠకుడి తొందర, అంగడి తొందర, ఇన్ని తొందరల నడుమ ఆగగలగడం ప్రచురణకర్తకు చాలా పెద్ద గుణం. యాభై ఏళ్ల కిందట ప్రకటనల పత్రిక చేతిలోకి తీసుకున్న కుర్రాడు గ్యారీ గ్రోత్ ఇప్పుడు డెబ్బై దాటాడు. ఇంకా ఆ సంస్థలోనే ఉన్నాడు. 1990ల్లో వచ్చి చేరిన ఎరిక్ రెనాల్డ్స్ అతని పక్కన నిలిచి కొత్త తరం చిత్రకారులకు తలుపు తీస్తున్నాడు. జపాన్ నుంచి మోతో హాగియో వంటి మహారచయిత్రి పుస్తకాలు వచ్చాయి. ఒకప్పుడు తాము కిర్బీ కోసం తగవు పడిన మార్వెల్‌తోనే ఒప్పందం చేసుకుని, దాని పూర్వరూపమైన అట్లస్ కంపెనీ 1950ల నాటి కామిక్స్‌ను 2023 నుంచి శ్రద్ధగా బాగుచేసి వేస్తున్నారు. తగవు చిత్రకారుడి తరఫున, గౌరవమూ చిత్రకారుడికే అన్నప్పుడు ఇందులో వైరుధ్యం ఏమీ లేదు. పాత సర్వస్వాలు, హెర్నాండెజ్ సోదరుల కొత్త సంచికలు, ఇంకా పేరు వినని పిల్లల మొదటి పుస్తకాలు వరసలో ఉన్నాయి.

సియాటిల్, రెడ్‌మండ్, బెల్వ్యూ చుట్టుపక్కల ఇప్పుడు తెలుగు కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. ఆ ఊరి దక్షిణాన జార్జ్‌టౌన్ అనే పేటలో 2006 నుంచి ఈ సంస్థ సొంత పుస్తకాల దుకాణం నడుస్తోంది. గ్రామఫోను రికార్డులు అమ్మే అంగడి దాని పక్కనే. సెలవు రోజున పిల్లల్ని తీసుకుని అక్కడికి వెళ్లమని నా మనవి. చిన్నవాళ్లకు పీనట్స్ మొదటి సంపుటి, బార్క్స్ బాతులు కొనిపెట్టండి. ఇంటరు వయసు పిల్లలుంటే ‘గోస్ట్ వరల్డ్’ ఇచ్చి, వాళ్లు చదివాక మీరూ చదవండి. మీకోసమైతే ‘పాలస్తీన్’ తీసుకోండి. బొమ్మలు గీసే అమ్మాయి ఎవరైనా ఇంట్లో ఉంటే ఫెరిస్ పుస్తకం రెండు భాగాలూ ఆమె చేతిలో పెట్టండి.

ఫాంటాగ్రాఫిక్స్ బృందానికి, వాళ్లు వెన్నంటి నిలిచిన చిత్రకారులకు, రెండుసార్లు వాళ్లను గట్టెక్కించిన పాఠకులకు స్వర్ణోత్సవ శుభాకాంక్షలు. హైమే హెర్నాండెజ్‌కు మాత్రం ఒక ప్రత్యేక కోరిక: మ్యాగీకి షష్టిపూర్తి మీ చేత్తోనే చెయ్యండి, ఆ సంచిక కోసం మేము కాచుకుని ఉంటాం.